కోపం ఓనరు మీద, తగాదా మెట్ల మీద

కర్నూలు వన్ టౌన్ నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు, సందు పేరు వద్దన్నారు కాబట్టి తీసేశాను. పెద్ద ఉత్తరం, కుదించి చెబుతున్నాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. భర్త పాత బస్టాండు దగ్గర బట్టల షాపులో లెక్కలు రాస్తారు. కొడుకు తొమ్మిదో తరగతి, కూతురు ఐదో తరగతి. అత్తయ్యకు షుగరు, మోకాళ్ల నొప్పులు. ఎనిమిదేళ్లుగా ఒక పాత మిద్దెలో రెండో అంతస్తులో బాడుగకు ఉంటున్నారు. కింద ఒక పోర్షన్, పై రెండు అంతస్తుల్లో రెండేసి, మొత్తం ఐదు కాపురాలు, ఇరవై రెండు మంది మనుషులు. బాడుగ 7,500, అడ్వాన్స్ 30,000. ఓనరు నాలుగేళ్ల కిందట హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. బాడుగ ఫోన్‌లో పంపుతారు, ఆయన ఏడాదికోసారి వచ్చి చూసి పోతారు.

ఓనరు వెళ్తూ వెళ్తూ మోటరు స్విచ్చు, మిద్దె తాళం చెవి కింది పోర్షన్‌లో ఉండే పెద్దావిడకు అప్పగించారు. ఆమెను అందరూ ఆపా (అక్క) అంటారు. ఇరవై ఏళ్లుగా వాళ్ల కాపురం అక్కడే. బోరు మోటరు ఆపా వాళ్ల కరెంటు మీటరుకే కలిపి ఉంది, అందుకని ఆమె బాడుగలో ఓనరు నెలకు 400 తగ్గిస్తారు. మొదట్లో అంతా బాగానే ఉండేది. రంజాన్‌కు షీర్ ఖుర్మా పైకి వచ్చేది, ఉగాదికి భక్షాలు కిందికి పోయేవి.

ఏప్రిల్‌లో చెడింది. పొద్దున ఆరున్నరకు మోటరు వేస్తే మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నిండుతుంది. ఏడున్నరకల్లా రెండో అంతస్తు కొళాయిలో గాలి తప్ప నీళ్లు రావు. ఇంకోసారి వేయమంటే ‘బోరు లాగడం లేదు, మోటరు కాలిపోతుంది’ అని ఆపా సమాధానం. అదే నెలలో ఆపా కూతురు పురిటికి వచ్చింది, ఇంటినిండా చుట్టాలు. ఒకరోజు పిల్లల స్కూలు వేళకు చుక్క నీళ్లు లేక, ఈమె మెట్ల మీద నిలబడి ‘మీ ఇంటి పురుళ్లకు మా పిల్లలు స్నానాలు మానుకోవాలా’ అని అరిచారు. అప్పటి నుంచి మాటల్లేవు. బిడ్డ నలభయ్యో రోజుకు మిద్దెలో అందరినీ పిలిచి వీళ్లను పిలవలేదు. మిద్దె తాళం ఎప్పుడు తీస్తారో, ఎప్పుడు వేస్తారో తెలియదు. మెట్ల మీద చెప్పులు, కింద టీవీ శబ్దానికి కొడుకు చదువు సాగకపోవడం, దారికి అడ్డంగా స్కూటీ, ఇప్పుడు అన్నీ గొడవలే.

కరెంటు బాధ వేరే. రెండో అంతస్తులోని రెండు పోర్షన్లకూ ఒకటే మీటరు. సబ్ మీటరు చూసి యూనిట్‌కు 9 రూపాయల చొప్పున ఓనరు తీసుకుంటారు. నెలకు 120 యూనిట్లు, 1,080 రూపాయలు.

ఈమె కల్లూరు వైపు కొత్త అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటు చూసి వచ్చారు. బాడుగ 11,500, మెయింటెనెన్స్ 1,200. భర్త ‘నలుగురున్న చోట సర్దుకోవాలి’ అంటారు. అత్తయ్య కదలనంటున్నారు. 2009 వరదప్పుడు వీళ్లు ఇదే సందులో కింది ఇంట్లో ఉండేవాళ్లట. ఆపా వాళ్లే పిలిచి ఈ మిద్దె ఎక్కించి రెండు రాత్రులు అన్నం పెట్టారని అత్తయ్య మాట. ఆడపడుచు మాత్రం ‘వాళ్లతో అంతే’ అంటుంది. ఇల్లు మారాలా, ఓనరుకు చెప్పి ఆపా వాళ్లనే ఖాళీ చేయించవచ్చా, పోలీసు కంప్లైంట్ ఇవ్వాలా అని ఈమె ప్రశ్న. ‘ఇంత చిన్న విషయానికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, నాకేమైనా జబ్బా’ అని చివర్లో ఇంకో ప్రశ్న.

అమ్మా, ముందు ఆ చివరి ప్రశ్న సంగతి. నీళ్లు చిన్న విషయం కాదు. పొద్దున్నే లేచి కొళాయి తిప్పితే నీళ్లొస్తాయో రావో తెలియని ఇంట్లో, ఇద్దరు పిల్లల్ని స్కూలుకు తయారు చేసి, షుగరున్న పెద్దావిడకు టైముకు టిఫిన్ పెట్టాల్సిన మనిషికి టెన్షన్ రావడం జబ్బు కాదు. ‘సర్దుకో’ అనే మీవారు తొమ్మిదింటికి షాపుకు పోయి, మధ్యాహ్నం తినడానికి వచ్చి పోవడం తప్ప, రాత్రి పదికే వస్తారని మీరే రాశారు. ఆయన స్నానం అయ్యాకే ట్యాంకు ఖాళీ అవుతోంది కాబట్టి సర్దుకోవడం ఆయనకు సులువు. అయినా నిద్రలేమి వారాల తరబడి సాగుతుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ. తెలుగులో మాట్లాడతారు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక ఒకటి కనిపించింది. నీళ్ల గురించి మీరు రాసినవన్నీ ఏప్రిల్, మే నెలల సంగతులే. జూన్ తర్వాత జరిగినవి అని మీరు రాసినవాటిలో నీళ్లు లేవు. చెప్పులు, టీవీ, తాళం, స్కూటీ ఉన్నాయి. వానలు పడి బోరు తేరుకున్నట్టుంది. అంటే ఇప్పుడు మీరు పడుతున్న బాధ నీళ్లది కాదు, ఆ రోజు మెట్ల మీద పడిన మాటది. వచ్చే ఏప్రిల్‌కు నీళ్ల బాధ మళ్లీ వస్తుంది. రెండూ వేర్వేరు ముళ్లు. రెంటినీ ఒకేసారి లాగబోయి మీరు ఇల్లు మారడం దాకా వచ్చారు.

ముందు నీళ్లది చూద్దాం, అది లెక్కకు అందుతుంది కాబట్టి. మురుగునీటి పైపుల వ్యవస్థ ఉన్న నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. మీ మిద్దెలో ఇరవై రెండు మంది, అంటే దాదాపు మూడు వేల లీటర్లు. పొదుపుగా సగంతో గడుపుకున్నా పదిహేను వందల లీటర్లు. ట్యాంకు వెయ్యి లీటర్లది, నిండేది రోజుకు ఒక్కసారి. ఆపా ఇంట్లో పురుడు లేకపోయినా ఆ నీళ్లు చాలవు. చుట్టాలు రావడం వల్ల ఎనిమిదింటికి అయిపోవాల్సినవి ఏడున్నరకు అయిపోయాయేమో, అంతే. మీ కొళాయే ముందు ఎండిపోవడానికి కారణం కూడా మనుషుల్లో లేదు. ట్యాంకుకు మీ అంతస్తు బాగా దగ్గర, కాబట్టి మీ పైపులో నీటి ఒత్తిడి అందరికన్నా తక్కువ. కింద ఎంత దిగితే ఒత్తిడి అంత ఎక్కువ. పొద్దున ఐదిళ్లూ ఒకేసారి కొళాయిలు తిప్పితే కిందివాళ్ల బిందె నిండేలోపు మీకు సగం చెంబు వస్తుంది. ఎవరూ దొంగతనం చేయకుండానే మీ నీళ్లు కిందికి పోతున్నాయి.

మరి ఇంకోసారి మోటరు వేయొచ్చు కదా అంటారు. ఇక్కడ మీరు ఒక లైనులో రాసి వదిలేసిన విషయం చాలా ముఖ్యం. మోటరు ఆపా మీటరుకు ఉంది, ఆమెకు 400 తగ్గుతోంది. వేసవిలో బోరు నీరసంగా లాగేటప్పుడు వెయ్యి లీటర్లకు ఒక గంట పడుతుందనుకోండి. ఒక హార్స్‌పవర్ మోటరు గంట ఆడితే కాస్త అటూ ఇటూగా ఒక యూనిట్. రోజుకు మూడు గంటలైతే నెలకు తొంభై యూనిట్లు. ఆమె ఇంటి వాడకం ఎటూ 140 ఉంటుందనుకుంటే, ఈ తొంభై దాని మీద ఎక్కి కూర్చుంటాయి. మన కరెంటు శ్లాబుల్లో 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. లెక్క కడితే మోటరుకే 550 దాకా పడుతుంది, మిగతా ఛార్జీలు కాకుండా. రోజుకు ఒక్కసారే వేస్తే 400లో ఆమెకు కొంత మిగులుతుంది, మూడుసార్లు వేస్తే చేతి డబ్బు పోతుంది. అందువల్ల ‘మోటరు కాలిపోతుంది’ అన్న మాటలో కొంత భయం, కొంత స్వార్థం రెండూ ఉండి ఉంటాయి. ఆమె దేవత అని నేను అనను. కానీ ఇరవై రెండు మంది నీళ్ల భారాన్ని 400 రూపాయలకు ఒక ఆడమనిషి నెత్తిన పెట్టి హైదరాబాదు పోయినాయన హాయిగా ఉన్నారు. మీరిద్దరూ మెట్ల మీద కొట్లాడుకుంటున్నారు.

మీ కరెంటు బిల్లు కూడా ఆయన దగ్గరికే దారి తీస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3, ఆ తర్వాత 125 దాకా 4.50. మీకు సొంత మీటరు ఉంటే 120 యూనిట్లకు 394 రూపాయల 50 పైసలు. పక్క పోర్షన్‌కూ అంతే వాడకం అనుకుంటే రెండు ఇళ్లవీ కలిసి ఒకే మీటరు మీద 240 యూనిట్లు, 1,148 చిల్లర. కలిపి లెక్క కట్టడం వల్లే పై శ్లాబులోకి పోయి అంత అవుతోంది. దాని మీద ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు, డ్యూటీ పడతాయి, నిజమే. కానీ ఓనరు మీ ఇద్దరి దగ్గర తీసుకునేది 2,160. ఈ తేడా గురించి మీరు ఉత్తరంలో ఒక్క కోపం మాట కూడా రాయలేదు. ఆయన గురించి రాసినప్పుడల్లా ‘పెద్దమనిషి’ అనే రాశారు. దూరంగా ఉండి ఏడాదికోసారి స్వీటు డబ్బాతో వచ్చే మనిషి మీద కోపం రాదు. మెట్ల దగ్గర రోజూ ఎదురయ్యే మనిషి మీద వస్తుంది. ఇరుకు ఇళ్లలో చాలా తగాదాలు ఇట్లాగే చిరునామా తప్పుతాయి.

కాబట్టి నీళ్లకూ కరెంటుకూ మాట్లాడాల్సింది ఓనరుతో. ఏం అడగాలంటే, ట్యాంకు మార్పు ముందు. రెండో అంతస్తుకు వేరే చిన్న ట్యాంకు, లేదా పోర్షన్‌కొకటి 500 లీటర్లది. మోటరు వేస్తే అన్నీ నిండాలి, ఎవరి ట్యాంకు నీళ్లు వాళ్లవి. ఒకరిది అయిపోతే ఇంకొకరి మీద అరవాల్సిన పని ఉండదు. ట్యాంకులు, పైపులు, ప్లంబర్ కూలి కలిపి కొన్ని వేలతో పోతుంది. రెండోది, మోటరుకు ఉమ్మడి మీటరు, దాని బిల్లు ఐదిళ్లూ పంచుకోవడం. అది ఇప్పుడే కుదరకపోతే ఆపాకు తగ్గించే మొత్తం వేసవి నాలుగు నెలలైనా పెంచాలి. మూడోది, మీ పోర్షన్‌కు వేరే మీటరు పెట్టించడం. దానికి ఆయన సంతకం కావాలి. అది కుదరదంటే కనీసం వచ్చిన అసలు బిల్లు ఫోటో పంపమనండి, యూనిట్ల లెక్కన మీరిద్దరూ పంచుకుని కడతామనండి. దీనికి ఆయనకు పైసా ఖర్చు లేదు. కొత్త బోరు మాట మాత్రం ఇప్పుడే ఎత్తకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం దానికి అనుమతి కావాలి, పైగా గోడకు గోడ ఆనుకుని ఉన్న వన్ టౌన్ ఇళ్ల మధ్య ఇంకో బోరు వేస్తే పక్కింటి బోరుతో పోటీ మొదలవుతుంది. మున్సిపల్ నీళ్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకునే పరిస్థితీ లేదు. తుంగభద్ర, హంద్రీ రెండు నదులు కలిసే ఊరు మనది, అయినా ఊరి తాగునీరు ఆధారపడేది 1.2 టీఎంసీల సుంకేసుల బ్యారేజీ మీద. పైనుంచి ప్రవాహం తగ్గితే వేసవిలో కొళాయి వేళలు తగ్గుతాయి. సందులో కొళాయి సరిగ్గా రాకపోతే అది వేరే ఫిర్యాదు, వార్డు సచివాలయంలో ఇవ్వండి.

ఈ మాటలు ఓనరుతో మీరు ఒక్కరే మాట్లాడితే ‘పైన పోర్షన్ ఆమెకు ఎప్పుడూ ఏదో ఒకటి’ అని పక్కన పెట్టేస్తారు. ఐదిళ్ల మాటగా వెళ్లాలి. ఆ ఐదిళ్లలో ఆయన ఎక్కువగా వినేది ఎవరి మాట? ఇరవై ఏళ్ల నుంచి ఉన్న ఆపా మాట. మోటరు లెక్క మారితే లాభపడేదీ ఆమే. ఓనరుతో మాట్లాడేటప్పుడు మీ పక్కన నిలబడాల్సిన మనిషితోనే మీకు మాటల్లేవు.

అందుకని ఆ మాట దగ్గరికి రావాలి. మీ ఉత్తరంలో నీళ్లకు రెండు పేజీలు, ఈ మాటకు ఒక్క వాక్యం. మీకూ అది ముల్లులా గుచ్చుతోందని నాకు తెలుస్తోంది, లేకపోతే నలభయ్యో రోజుకు పిలవలేదని అంత వివరంగా రాసేవారు కాదు. మీరు ఆపాను నీళ్ల గురించి అడిగి ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అని ఊరుకునేది. మీరు పురుడును అన్నారు. లోపల పచ్చి బాలింత ఆ మాట విని ఉంటుంది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను ‘నీ వల్ల నీళ్లు లేవు’ అన్నట్టయింది. ఏ తల్లైనా అందరినీ పిలిచి మిమ్మల్ని వదిలేస్తుంది. నేనైనా అంతే చేసేదాన్ని.

ఏం చేయాలో మీ ఇష్టం. నాకు తోచింది చెబుతాను. పిల్లల చేత ఏదైనా వండింది పంపించి సరిపెట్టుకోవాలని చూడకండి. గిన్నె తిరిగి వస్తుంది, మాట అక్కడే ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టడం ఇంకా చెడ్డది, మిగతా మూడిళ్లవాళ్లూ తీర్పు చెప్పడం మొదలుపెడతారు. మధ్యాహ్నం మగవాళ్లు లేని వేళ చూసుకుని మీరే దిగి వెళ్లండి. ఆ పిల్ల ఇంకా పుట్టింట్లోనే ఉంటే బిడ్డకు ఏదైనా తీసుకెళ్లండి. ‘ఆ రోజు పురుడు మాట నేను అనకుండా ఉండాల్సింది’ అని ఆ అమ్మాయి వినేలా చెప్పండి. అక్కడితో ఆపండి. ‘కానీ నీళ్లు కూడా లేవు కదా ఆపా’ అని జోడించారంటే వెళ్లి ప్రయోజనం లేదు. నీళ్ల సంగతి ఇంకో రోజు.

తర్వాత ఏం జరుగుతుంది? కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గరికి తీసుకుంటుందని మీ అత్తయ్య ఆశ. అట్లా కావచ్చు. లేదా నాలుగు నెలలుగా దాచుకున్నదంతా అరగంట మీకు వినిపించవచ్చు. అప్పుడు మీరు నోరు మూసుకుని వినాలి, అది అన్నిటికన్నా కష్టం. నా అంచనా అయితే ‘సరేలేమ్మా, అయిపోయిందేదో’ అని టీ ఇచ్చి, మునుపటంత దగ్గర కాకుండా ఉండిపోతుంది. అదైనా చాలు. షీర్ ఖుర్మా వచ్చే రోజులు తిరిగి రాకపోయినా, మోటరు గురించి, తాళం గురించి మామూలుగా మాట్లాడుకోగలిగితే మీ పొద్దున్నలు గడుస్తాయి. తాళానికి రెండో చెవి చేయించి మీ అంతస్తులో ఉంచమని అడగడానికి కూడా అప్పుడే నోరు వస్తుంది. చెప్పులు, స్కూటీ లాంటివి మాటలు కలిశాక వాటంతట అవే చిన్నవైపోతాయి, వాటి జోలికి నేను పోను. టీవీ శబ్దం కూడా అంతే అనుకుంటాను. ఈలోగా అబ్బాయి ఇంట్లో చదవలేకపోతే సాయంత్రం రెండు గంటలు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కూర్చోమనండి.

మీ ఆడపడుచు మాట గురించి ఒక్కటే చెబుతాను. పైప్‌లైను కథకు మతం అంటించొద్దని ఆమెకు గట్టిగా చెప్పండి. ఆ మాట మీ పిల్లల ముందు అన్నప్పుడు మీరు ఊరుకుంటే, రేపు మీ అబ్బాయి మెట్ల మీద దాన్నే అంటాడు.

అత్తయ్యతో మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోను. 2009 అక్టోబరు 2న వన్ టౌన్‌లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చూసినవాళ్లకు ఆమె మాట అర్థమవుతుంది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగి వచ్చినప్పుడు కింది ఇళ్లలో ఉన్నవాళ్లకు పక్కవాళ్ల మిద్దే దిక్కయింది. ఆ మేలు మరిచిపోమని ఎవరూ అనరు. కానీ ఆ మేలుకు బదులుగా కోడలు ఏళ్ల తరబడి నీళ్లు లేకుండా ఉండాలని పెద్దావిడ అడగకూడదు. అడిగితే మీరు ‘సరే’ అనాల్సిన పనీ లేదు. అంతకన్నా ఆ పాత సంబంధాన్ని ఇప్పుడు వాడుకోండి. కిందికి వెళ్లేటప్పుడు మోకాళ్లు సహకరిస్తే ఆమెనూ తీసుకెళ్లండి. మీరు తడబడిన చోట ఆమె మాట కలుపుతుంది.

ఆపా వాళ్లను ఖాళీ చేయించడం గురించి. ఓనరు వినరని నా నమ్మకం, ఇరవై ఏళ్ల నమ్మకస్తులను వదులుకోరు. ఒకవేళ విన్నారే అనుకోండి, కింది పోర్షన్‌లోకి ఇంకొకరు వస్తారు. మోటరు వాళ్ల మీటరుకే ఉంటుంది, ట్యాంకు వెయ్యి లీటర్లదే ఉంటుంది, ఆ కొత్తవాళ్లకు మీతో ఏ పాత మంచీ ఉండదు. మీ పేరు మాత్రం సందులో ‘వాళ్లను వెళ్లగొట్టినామె’ అని నిలిచిపోతుంది. పోలీసు కంప్లైంటు అయితే ఇద్దరినీ పిలిచి సర్దిచెప్పి పంపుతారు, ఎవరి వైపు వాళ్లు చుట్టాలను వెంటేసుకుని వస్తారు. ఎవరైనా బెదిరిస్తేనో చెయ్యి చేసుకుంటేనో ఆ దారి. దీనికి అక్కర్లేదు.

ఓనరు దేనికీ ఒప్పుకోకపోతే? ముందు మీ అగ్రిమెంటు తీసి చూడండి. పదకొండు నెలలకు ఒకసారి రాసుకుని తర్వాత తిరగరాయలేదని మీ ఉత్తరంలో ఉంది. అట్లాంటి బాడుగను నెల నెలా సాగే బాడుగగా చూస్తారు. వేరే ఒప్పందం ఏదీ లేకపోతే అది ఎక్కువ కాలం నిలుస్తుందన్న హామీ ఉండదు. గట్టిగా అడిగితే ‘ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి’ అని ఆయన అనవచ్చని తెలిసే అడగాలి. అనకపోవచ్చు, పాత మిద్దెలో రెండో అంతస్తుకు ఎనిమిదేళ్లు నిలకడగా బాడుగ ఇచ్చేవాళ్లు దొరకడం అంత తేలిక కాదు. కానీ ఆ మాట వస్తే ఏం చేస్తారో మీరూ మీవారూ ముందే అనుకుని ఉండండి. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరు చెప్పి అడ్వాన్స్ ఆపితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఇక కల్లూరు వైపు ఫ్లాటు. మారడం తప్పని నేను అనడం లేదు. ఇరుకు సందులో పదిహేనేళ్లు కాపురం చేసిన మనిషికి గాలి, వెలుతురు, సొంత తలుపు కావాలనిపించడం న్యాయమే. డబ్బు లెక్క మాత్రం కళ్లెదుట పెట్టుకోండి. ఇప్పుడు బాడుగ, కరెంటు కలిపి 8,580. అక్కడ బాడుగ, మెయింటెనెన్స్ 12,700, సొంత మీటరు కరెంటు 500 అనుకున్నా 13,200. నెలకు 4,600 తేడా. పిల్లల ఆటో, మీవారి పెట్రోలు దానికి అదనం. ఇప్పుడు షాపు నుంచి మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని పోతున్నారు, అది ఆగిపోతుంది. అత్తయ్యకు సందు చివర మందుల షాపు, పలకరించే మనుషులు ఉండరు. అపార్ట్‌మెంటులో తలుపులు మూసుకుని ఉండే పగళ్లు ఆమెకు చాలా పొడవుగా ఉంటాయి. మీకు అవి హాయిగా ఉండవచ్చు, ఆ ఇద్దరి అవసరాలూ ఒకటి కావు. చదువుల సంగతి చూస్తే సంవత్సరం మధ్యలో కదలడం మంచిది కాదు, అబ్బాయి పదో తరగతిలో ఉండగా అసలే వద్దు. మారితే ఈ తొమ్మిదో తరగతి పరీక్షలయ్యాక, వచ్చే మే నెలలో. లేదంటే పది అయ్యాక.

అంటే మీకు ఎనిమిది, తొమ్మిది నెలలు ఉన్నాయి. ఈ లోపల కిందికి వెళ్లి మాట్లాడడం, ఓనరుతో ట్యాంకు, మీటరు సంగతి తేల్చడం రెండూ చేసి చూడవచ్చు. ఒక ఆదివారం పొద్దున మోటరు వేసినప్పటి నుంచి ట్యాంకు ఖాళీ అయ్యేదాకా మీవారినే మిద్దె మీద కూర్చోబెట్టి లెక్క రాయించండి. షాపులో చేసే పనే కదా. ఓనరుతో ఫోన్‌లో మాట్లాడేది కూడా ఆయనైతే మంచిది. మీ మాట చెల్లదని కాదు, ఇన్నాళ్లూ ఈ బరువు మీరొక్కరే మోశారు కాబట్టి. ఇవన్నీ అయ్యాక కూడా ఏప్రిల్‌లో కొళాయి ఏడున్నరకే ఆగిపోతే, అప్పుడు మీ నిర్ణయం కోపంతో తీసుకున్నది కాదు. మీవారు కాదనలేరు.

అప్పుడు కూడా ఆ ఫ్లాటుకు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పని చేయండి. ఇప్పుడు వానల్లో చూస్తే అన్ని కొళాయిల్లోనూ నీళ్లొస్తాయి. ఏప్రిల్ చివర్లో, పొద్దున ఎనిమిదింటికి వెళ్లి పై అంతస్తు కొళాయి తిప్పి చూడండి. వాచ్‌మన్‌ను, పక్క ఫ్లాటు ఆవిడను వేర్వేరుగా అడగండి, వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తున్నారో. ఆ ట్యాంకర్ డబ్బులు 1,200లో కలిసి ఉన్నాయా, వేరేగా పంచుతారా తెలుసుకుని, ఆ సంగతి అగ్రిమెంటులో రాయించుకున్నాకే సంతకం పెట్టండి.